సెల్లారులోని ఎస్‌టీపీని సొంతంగా నడుపుకోవడం: హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాలకు సమగ్ర మార్గదర్శి

ఆరు వందల ఫ్లాట్ల సముదాయం అంటే దాదాపు రెండున్నర వేల మంది ఉండే ఊరు. అయితే ఆ ఊరికి పారిశుద్ధ్య విభాగం లేదు, ఇంజినీరు లేడు. మురుగునీటిని శుద్ధి చేసే బాధ్యత మాత్రం పూర్తిగా ఆ ఊరిదే. సెల్లారులో కార్ల వరుస చివర, ఒక ఇనుప తలుపు వెనుక ఆ మురుగునీటి శుద్ధి కేంద్రం, అంటే ఎస్‌టీపీ ఉంటుంది. బిల్డరు నిర్వహణ గడువు తీరిన రోజున దాని తాళాలు సంఘం చేతికి వస్తాయి. మా సముదాయంలో ఆ తాళాలు అందుకున్న ముగ్గురిలో నేనొకణ్ణి. ఆ తర్వాత ట్యాంకుల పక్కన నిలబడి, ఆపరేటర్లను అడిగి, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నదాన్ని అదే స్థితిలో ఉన్న మరో సంఘానికి పనికొచ్చేలా వరుసగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక విషయం. ఎస్‌టీపీ మురికిని మాయం చేయదు. నీటిలో కరిగి ఉన్న మురికిని సూక్ష్మజీవులు తింటాయి. తిని పెరిగిన ఆ సూక్ష్మజీవులను నీటి నుంచి వేరు చేసి మనం బయటికి పంపాలి. అలా బయటికి పోయేదే బురద. నేను చూసిన చెడిపోయిన ఎస్‌టీపీలలో చాలావాటిలో గాలి ఊదే బ్లోయర్లు తిరుగుతూనే ఉన్నాయి, పంపులు నడుస్తూనే ఉన్నాయి. బురద బయటికి పోవడం ఒక్కటే ఆగిపోయింది. ఈ మార్గదర్శిలో ఏ అడుగు మరిచిపోయినా బురద గురించి చెప్పే ఏడో అడుగును మరిచిపోకండి.

ఇంత పట్టింపు ఎందుకో చెబుతాను. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ నగరానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల ఆలోచనతో పాటు భూగర్భ మురుగు కాల్వల పథకాన్నీ ఇచ్చారు. నగరం ఆ పథకం ఊహించిన హద్దులను ఎన్నడో దాటిపోయింది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల కేంద్రాలున్నాయి. నగర నీటి, మురుగు వ్యవస్థను చూసే జలమండలి మరో 31 కేంద్రాల నిర్మాణం చేపట్టింది. అయినా మురుగు కాల్వ ఇంకా చేరని శివారులో మీ గోడ దాటిన మురుగు ముందుగా పక్కనున్న నాలాలో, ఆపైన చెరువులో, చివరికి మూసీలో కలుస్తుంది. మూసీ దిగువన రైతులు ఆ నీటితోనే పశువులకు పారాగడ్డి పెంచుతున్నారు, వరి పండిస్తున్నారు. మన సెల్లారులో చేసిన నిర్లక్ష్యం వాళ్ల పొలాల దాకా వెళుతుంది.

1. ముందు లెక్క తేల్చుకోండి

ఎస్‌టీపీ ఎంత పెద్దదో బిల్డరు ఇచ్చిన కాగితంలో ఉంటుంది. అది మీకు సరిపోతుందో లేదో మీరే లెక్క కట్టాలి. తలకు రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల లెక్క. ఆరు వందల ఫ్లాట్లలో ఇంటికి నలుగురు చొప్పున 2,400 మంది అనుకుందాం. వాడకం 3,24,000 లీటర్లు, మురుగు దాదాపు 2,60,000 లీటర్లు. ఎస్‌టీపీ భాషలో 260 కేఎల్‌డీ, అంటే రోజుకు 260 కిలోలీటర్లు (కేఎల్). ఒక కేఎల్ వెయ్యి లీటర్లు.

రెండో లెక్క మురికిది. దాన్ని బీఓడీ అంటారు, అంటే ఆ మురికిని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు. మన దేశంలో దీన్ని 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి కొలుస్తారు. మనిషికి రోజుకు 27 గ్రాములు అనుకుంటే 2,400 మందికి 65 కిలోలు. ఈ 65 కిలోలను రేపటికల్లా తినిపించాలి, రేపు మరో 65 వస్తుంది. ఈ రెండు అంకెలనూ ఎస్‌టీపీ గది గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. తర్వాతి అడుగులన్నీ వీటి మీదే నిలబడతాయి.

ఫ్లాట్లు సగమే నిండిన సముదాయంలో ఈ లెక్క తప్పకుండా వేయాలి. 260 కేఎల్‌డీ కేంద్రానికి వంద కేఎల్‌డీ మురుగే వస్తుంటే బ్లోయర్లను పూర్తిగా నడపడం కరెంటు దండగే కాక, తిండి చాలక సూక్ష్మజీవుల ముద్దలు విడిపోయి నీరు మబ్బుగా మారుతుంది. రెండు ట్యాంకుల వరుసలుంటే ఒకటే నడపండి.

2. కాగితాలు

కేంద్రాన్ని నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి, అంటే సీఎఫ్‌ఓ పత్రం, ట్యాంకుల కొలతలున్న పటం, గొట్టాల పటం, యంత్రాల పుస్తకాలు. ఈ నాలుగూ లేకుండా తాళాలు తీసుకోకండి. గొట్టాల పటం లేకపోతే ప్లంబరును వెంటబెట్టుకుని మీరే గీయించుకోండి, తొమ్మిదో అడుగులో అది ప్రాణాధారం. శుద్ధి చేసిన నీరు ఏ ప్రమాణాలలో ఉండాలో సీఎఫ్‌ఓలో ఉంటుంది, మీరు పాటించవలసినవి అవే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో సూచించిన అంకెలు గుర్తు పెట్టుకోదగినవి: లీటరుకు బీఓడీ 10 మిల్లీగ్రాములు, తేలియాడే ఘనపదార్థం 20 మిల్లీగ్రాములు. లోపలికి వచ్చే మురుగులో బీఓడీ 250 ఉంటుంది. అంటే పాతికలో ఒక వంతుకు దించాలి.

3. మనిషిని ట్యాంకులోకి దించకండి

యంత్రాల కంటే ముందు చెప్పవలసింది ఇదే. గాలి తగలని మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే. వాసన వస్తోంది కాబట్టి జాగ్రత్త పడవచ్చని అనుకుంటారు. ఆ వాయువు గాఢత పెరిగితే ముక్కు దాని వాసన పట్టే శక్తిని కోల్పోతుంది. వాసన తగ్గిందని లోపలికి దిగిన మనిషి, తగ్గింది వాసన మాత్రమేనని తెలిసేలోగా పడిపోతాడు. అతణ్ణి లాగబోయి రెండో మనిషి దిగుతాడు. ఈ ప్రమాదాలలో తరచూ ఇద్దరు ముగ్గురు కలిసి చనిపోవడానికి కారణం ఇదే. ఆ వాయువు గాలికంటే బరువైనది, సెల్లారు గదిలో నేలబారున నిలుస్తుంది. అడుగున పేరుకున్న బురదను కదిలిస్తే ఒక్కసారిగా పైకి వస్తుంది.

రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు కాల్వలోకో సెప్టిక్ ట్యాంకులోకో దించడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నిషేధించింది. మురుగు కాల్వల్లో చనిపోయిన వారి కుటుంబానికి ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఆ అంకె ముందు మీ పంపు మరమ్మతు ఖర్చు ఎంతో చూసుకోండి. అసలు ఒక ప్రాణం ముందు ఏ లెక్కా నిలవదు.

చేయవలసినవి ఇవి. ఎస్‌టీపీ గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరగాలి, లాగే గొట్టం నోరు నేలకు దగ్గరగా ఉండాలి. ఆపరేటరు నడుముకు నాలుగు వాయువులను కొలిచే పరికరం ఉండాలి. పంపులను గొలుసుతో పైకి లాగేలా అమర్చాలి, వాటికోసం మనిషి దిగవలసిన అవసరమే రాకూడదు. ట్యాంకు శుభ్రం చేయాల్సి వస్తే యంత్రాలున్న వారిని పిలవండి. జలమండలి 155313 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

4. జాలీ, నూనె తొట్టి, ఈక్వలైజేషన్ ట్యాంకు

మురుగు మొదట ఇనుప జాలీని దాటాలి. అక్కడ ఆగేవి వెంట్రుకలు, ప్లాస్టిక్, శానిటరీ ప్యాడ్లు, తడి తుడుపు కాగితాలు. రోజుకు రెండుసార్లు పొడవాటి దంతెతో లాగి, నీరు ఓడ్చి, చెత్తకు పంపాలి. పైన ఇళ్లలో ఒక నోటీసు అంటిస్తే జాలీ దగ్గరి పని సగం తగ్గుతుంది. వంటింటి గొట్టాలు ముందుగా నూనె తొట్టిలోకి రావాలి. పండగలప్పుడూ ఫంక్షన్ హాలులో విందులప్పుడూ ఆ తొట్టిని మర్నాడే తీయించండి. ఆ నూనె, ఐదో అడుగులో చెప్పే గాలి ట్యాంకు దాకా వెళితే అక్కడ గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్లు మూసుకుపోతాయి.

మురుగు రోజంతా ఒకేలా రాదు. పొద్దున ఆరు నుంచి పది వరకూ ఉప్పెనలా వస్తుంది, మధ్యాహ్నం సన్నగిల్లి, రాత్రి భోజనాల వేళ మళ్లీ పెరుగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను చదును చేసేది ఈక్వలైజేషన్ ట్యాంకు. దాదాపు ఎనిమిది గంటల నీరు పట్టాలి, మన లెక్కలో 87 వేల లీటర్లు. అక్కణ్ణుంచి గంటకు 11 నుంచి 13 వేల లీటర్లు నిలకడగా గాలి ట్యాంకులోకి పంపాలి. ఇందులోనూ కొంత గాలి ఊదుతుండాలి. లేకపోతే అక్కడే కుళ్లడం మొదలై, మీరు ఎంత సరిచేసినా వాసన ఈ ట్యాంకు నుంచే పుడుతూ ఉంటుంది.

మన నగరంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. బోరునీటి గట్టిదనాన్ని తగ్గించడానికి చాలా సముదాయాలలో సాఫ్ట్‌నర్లు పెట్టారు. వాటిని ఉప్పునీటితో కడిగిన ప్రతిసారీ ఆ చిక్కటి ఉప్పునీరు ఎస్‌టీపీలోకి వస్తే సూక్ష్మజీవుల ముద్దలు విడిపోతాయి. ఆ గొట్టం ఎక్కడికి పోతోందో కనుక్కోండి. వేరే దారి లేకపోతే ఈక్వలైజేషన్ ట్యాంకు నిండుగా ఉన్న వేళ, కొంచెం కొంచెంగా వదలమనండి. మెట్లు కడిగే ఆసిడ్, డబ్బాలకొద్దీ ఫినాయిలు కూడా సూక్ష్మజీవులకు విషమే.

5. గాలి ట్యాంకు

ఎస్‌టీపీకి గుండెకాయ ఇదే. అడుగున రబ్బరు పొరల డిఫ్యూజర్ల గుండా బ్లోయర్ సన్నటి బుడగలుగా గాలి ఊదుతుంది. ఆ గాలిలోని ప్రాణవాయువుతో సూక్ష్మజీవులు మురికిని తింటాయి. 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. పేర్లు మారినా నేటికీ మూలం అదే. ఎంబీబీఆర్ అంటే సూక్ష్మజీవులు అంటుకుని పెరిగే ప్లాస్టిక్ బిళ్లలు ట్యాంకులో వేసిన పద్ధతి. ఎస్‌బీఆర్ అంటే నింపడం, గాలి ఊదడం, తేర్చడం, తీయడం అన్నీ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరిగే పద్ధతి. ఎంబీఆర్‌లో తేర్చే పనిని సన్నటి పొరలు చేస్తాయి. నేను ఇక్కడ మామూలు గాలి ట్యాంకు గురించి చెబుతున్నాను, సూత్రం తెలిస్తే మిగతావి అర్థం చేసుకోవచ్చు.

ట్యాంకు ఒక రోజు నీరు పట్టేంత, అంటే 260 కేఎల్ ఉందనుకుందాం. లీటరుకు 3,500 మిల్లీగ్రాముల సూక్ష్మజీవుల ముద్ద ఉంటే మంచిది. మొత్తం ట్యాంకులో 910 కిలోలు. వాటికి రోజూ 65 కిలోల తిండి పడుతోంది. కడుపు నిండా తినే మంద కాదు, కొంచెం ఆకలితో ఉండే మంద. ఆకలితో ఉన్నవే మురికిని అడుగంటా తింటాయి.

నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. మీటరు కొనండి, అయితే కంటితో చూడటమూ నేర్చుకోండి. ట్యాంకు రంగు చిక్కటి కాఫీలా ఉండి తడిమట్టి వాసన వస్తుంటే గాలి సరిపోతోంది. నలుపు తిరిగి కుళ్లు వాసన వస్తే సరిపోవడం లేదు. ఒకచోట నీరు తెర్లుతున్నట్టు పెద్ద బుడగలు వస్తుంటే అక్కడ డిఫ్యూజరు చిరిగింది, ఆ దెబ్బకు మరో మూలకు గాలి అందడం లేదు. తెల్లటి నురుగు కొత్త ట్యాంకులోనో సబ్బు ఎక్కువైనప్పుడో కనిపిస్తుంది. గోధుమ రంగులో చిక్కగా, మీగడలా కట్టే నురుగు బురద ముసలిదైందని చెబుతుంది.

మురుగులో అమ్మోనియా కూడా ఉంటుంది. ఒక కిలో అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేటుగా మార్చడానికి 4.57 కిలోల ప్రాణవాయువు కావాలి, మామూలు మురికికి కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గాలి కాస్త తగ్గినా ముందు ఆగిపోయే పని ఇదే. ఫ్లష్ నీటిలో ఘాటైన వాసన రావడానికి తరచూ కారణం కూడా ఇదే.

కరెంటు బిల్లులో సగానికి పైగా బ్లోయర్లదే కాబట్టి, రాత్రిపూట వాటిని ఆపేయమని ఎవరో ఒకరు సర్వసభ్య సమావేశంలో తప్పక అడుగుతారు. ఒప్పుకోకండి. రాత్రంతా గాలి లేని ముద్ద అడుగుకు చేరి కుళ్లుతుంది, డిఫ్యూజర్ల రంధ్రాలు పూడుకుపోతాయి, పొద్దున ఆరింటికి ఉప్పెన వచ్చే వేళకు సగం మంద నీరసించి ఉంటుంది. పొదుపు కావాలంటే ప్రాణవాయువు మీటరును బట్టి బ్లోయరు వేగాన్ని తగ్గించే పరికరం పెట్టించండి. బ్లోయరు గాలి జల్లెడను వారానికోసారి దులపండి. ఎస్‌టీపీకి జనరేటరు కనెక్షన్ ఉందో లేదో ఈ వారమే చూడండి.

సంక్రాంతికీ దసరాకూ సగం ఫ్లాట్లు ఊళ్లకు వెళతాయి. ఆ వారం తిండి సగమైపోతుంది కాబట్టి గాలిని తగ్గించి, బురద తీయడాన్నీ సగానికి తగ్గించండి. అందరూ తిరిగొచ్చే ముందు రోజు మళ్లీ మామూలు స్థితికి తెండి.

6. లీటరు జాడీ

ఎస్‌టీపీకి ఇంతకంటే గొప్ప పరీక్ష లేదని నా నమ్మకం, ఖర్చు కొన్ని వందల రూపాయలే. ప్రయోగశాలలో వాడే లీటరు కొలజాడీ కొనండి. ప్రతిరోజూ ఒకే వేళకు, బ్లోయరు నడుస్తుండగా గాలి ట్యాంకు నుంచి నీరు ముంచి నిండా పోయండి. కదలని బల్లమీద పెట్టి అరగంట ఆగండి. ముద్ద కిందికి దిగుతుంది, పైన తేట నీరు మిగులుతుంది. ముద్ద ఎన్ని మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగిందో రిజిస్టరులో రాయండి.

250 నుంచి 350 మధ్య ఆగి, పైన నీరు తేటగా ఉంటే మీ కేంద్రం ఆరోగ్యంగా ఉంది. వంద లోపే ఆగి, పైన నీరు మబ్బుగా ఉంటే మంద చిన్నది, బురద తీయడం ఆపి పెరగనివ్వండి. 600 దాటితే రెండు కారణాలుండవచ్చు, ఏదో తేల్చుకోవడానికి చిన్న చిట్కా ఉంది. అదే ముద్దను సగం పోసి మిగతా సగం శుద్ధి చేసిన నీటితో నింపి మళ్లీ అరగంట పెట్టండి. ఈసారి చకచకా కిందికి దిగిపోతే బురద ఎక్కువైందని అర్థం, తీయాలి. పలుచన చేసినా దూదిలా పైనే వేలాడుతుంటే దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగిందని అర్థం. గాలి తక్కువ కావడం, నూనె ఎక్కువ కావడం, కుళ్లిన మురుగు లోపలికి రావడం దానికి సాధారణ కారణాలు.

జాడీని వెంటనే పారబోయకండి, మరో గంటన్నర అలాగే ఉంచండి. అడుగున ఉన్న ముద్ద పెచ్చులు పెచ్చులుగా పైకి తేలుతుంటే నైట్రేటు నుంచి నైట్రోజన్ వాయువు పుట్టి దాన్ని లేపుతోంది. గాలి ట్యాంకు తర్వాత ముద్దను తేర్చే క్లారిఫయర్‌లోనూ అదే జరుగుతుంటుంది. ముద్ద అక్కడ ఎక్కువసేపు నిలవకుండా, గాలి ట్యాంకుకు దాన్ని తిప్పి పంపే పంపు వేగం పెంచాలి.

క్లారిఫయర్ అంటే ఈ జాడీకి పెద్ద రూపమే. గాలి ట్యాంకు నుంచి వచ్చిన నీరు అక్కడ నిలకడగా ఉంటే ముద్ద అడుగుకు చేరుతుంది, తేట నీరు అంచుల మీదుగా పొంగి ముందుకు వెళుతుంది. జాడీలో తేరని ముద్ద క్లారిఫయర్‌లోనూ తేరదు.

7. బురద తీయడం

సూక్ష్మజీవులు రోజూ 65 కిలోల మురికి తింటే అందులో దాదాపు సగం వాటి శరీరాలుగా మారుతుంది. రోజుకు 30 కిలోల కొత్త ముద్ద, ఎండు బరువులో. ట్యాంకులో ఉన్నది 910. అంటే నెల రోజులు బురద తీయకపోతే ట్యాంకులోని ముద్ద రెట్టింపవుతుంది. క్లారిఫయర్ అంతటి ముద్దను తేర్చలేదు. పైకి పొర్లి, ఫిల్టర్లలోకి, అక్కణ్ణుంచి ఫ్లష్ ట్యాంకులలోకి వెళుతుంది.

ఒక వేసవిలో మాకు సరిగ్గా ఇదే జరిగింది. బురదను పిండే యంత్రం, ఫిల్టర్ ప్రెస్ గుడ్డలు చిరిగాయి, కొత్తవి రావడానికి ఐదు వారాలు పట్టింది. అప్పటిదాకా ఏం చేయాలో ఆపరేటరుకు ఎవరమూ చెప్పలేదు, అతను బురదను ట్యాంకులోనే ఉంచాడు. ఫ్లష్ నీరు కంపు కొడుతోందని ఇళ్లనుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. మేము క్లోరిన్ ద్రావణమైన హైపో మోతాదు పెంచాం, ఫిల్టర్ ఇసుక మార్చాం, వాసన పోలేదు. చివరికి జాడీ పెడితే 800 దగ్గర ఆగింది. ముప్పై కిలోల చొప్పున ముప్పై ఐదు రోజులంటే వెయ్యి కిలోలకు పైన. మరమ్మతంతా ఎక్కడెక్కడో చేస్తున్నాం, జబ్బు మాత్రం ఇక్కడుంది. ఆ రోజునుంచే నేను ఎస్‌టీపీని బురద లెక్కతో చూడటం మొదలుపెట్టాను.

పద్ధతి ఇది. క్లారిఫయర్ అడుగున బురద లీటరుకు 8 నుంచి 10 గ్రాముల చిక్కదనంతో ఉంటుంది. 30 కిలోలు బయటికి పోవాలంటే రోజుకు మూడు నుంచి నాలుగు వేల లీటర్లు తీయాలి. దాన్ని బురద నిల్వ ట్యాంకులోకి పంపి, కణాలను ముద్దకట్టించే పాలీఎలక్ట్రోలైట్ కలిపి, ఫిల్టర్ ప్రెస్‌లో పిండితే 120 నుంచి 150 కిలోల తడి కేకు వస్తుంది. పిండిన నీరు తిరిగి ఈక్వలైజేషన్ ట్యాంకుకు వెళ్లాలి. ఆరుబయట జాగా ఉన్న సముదాయాలు ఇసుక, కంకర పరచిన మడుల మీద జానెడు మందాన పోసి ఆరబెట్టుకోవచ్చు. హైదరాబాద్ ఎండలకు అది చక్కగా ఆరుతుంది, వానాకాలానికి పైకప్పు కావాలి.

రిజిస్టరులో ఆ రోజు ఎన్ని ప్లేట్ల కేకు తీశారో, ఎన్ని కిలోలో ఒక గడి పెట్టండి. నెలాఖరున ఆ గడి కూడితే నాలుగు వేల కిలోలకు అటూఇటూ రావాలి. రిజిస్టరులో మిగతావన్నీ బాగుండి, ఈ గడి మాత్రం ఖాళీగా ఉంటే ఆ బురద నీటితో కలిసి ఎక్కడికో పోతోందన్న మాట. ఎక్కడికో మీరే వెతకాలి. గుడ్డల జత ఒకటి ఎప్పుడూ అదనంగా గదిలో ఉండాలి.

పేరుకుపోయిన బురదను ఒక్కరోజులో తీసేయకండి. రోజుకు ట్యాంకులోని ముద్దలో పదో వంతుకు మించి తీస్తే మంద కుదుపుకు లోనవుతుంది. ట్యాంకరుకు ఇవ్వవలసి వస్తే జలమండలి అనుమతించిన శుద్ధి కేంద్రంలో దింపినట్టు రసీదు అడగండి. రసీదు ఇవ్వని ట్యాంకరు చీకటి పడ్డాక ఏదో చెరువుగట్టున ఆగుతుంది.

కేకు మంచి ఎరువే, కానీ నేరుగా మొక్కలకు వేయకూడదు. నులిపురుగుల గుడ్లు అందులో నెలల తరబడి బతుకుతాయి. ఎండుటాకులతో కలిపి కుప్ప పోసి, లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కనీసం పదిహేను రోజులు ఉండేలా, ఆ లోపు ఐదుసార్లు తిరగేస్తే పూలమొక్కలకు, చెట్లకు వాడుకోవచ్చు. ఆకుకూరలకు మాత్రం వద్దు.

8. వడపోత, క్లోరిన్

తేట నీరు ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు దాటి క్లోరిన్‌కు చేరుతుంది. ఫిల్టర్లను రోజూ ఎదురునీటితో కడగాలి, కడిగిన నీరు మళ్లీ మొదటి ట్యాంకుకే. బొగ్గు క్లోరిన్‌ను పీల్చేస్తుంది కాబట్టి చివరి మోతాదు దాని తర్వాతే వేయాలి. లీటరుకు 5 మిల్లీగ్రాములంటే 260 కేఎల్‌కు 1.3 కిలోలు, పది శాతం హైపో అయితే రోజుకు 13 లీటర్లు. కలిసిన తర్వాత అరగంట నిలవాలి, చివరి టవరులో ఫ్లష్ నీటిని పరీక్ష కిట్టుతో చూస్తే ఇంకా కొంత క్లోరిన్ కనిపించాలి. మన ఎండలకు హైపో బలం త్వరగా తగ్గుతుంది, నీడలో ఉంచండి, రెండు వారాలకు మించి నిల్వ చేయకండి. నీటిలో అమ్మోనియా మిగిలి ఉంటే అది క్లోరిన్‌ను తినేస్తుంది. అప్పుడు ఎన్ని డబ్బాలు పోసినా ప్రయోజనం లేదు, ఐదో అడుగుకు తిరిగి వెళ్లాలి.

9. రెండో గొట్టం

శుద్ధి చేసిన నీరు ఫ్లష్‌లకు వెళ్లే గొట్టం మంచినీటి గొట్టానికి ఎక్కడా కలవకూడదు. ఎవరో స్నానాల గది మార్పించుకుంటూ, ప్లంబరు దగ్గర్లో కనిపించిన గొట్టానికి కుళాయి బిగిస్తే చాలు, ఒక కుటుంబం మురుగుతో ముఖం కడుక్కుంటుంది. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు నగర మురుగునీటిని పరీక్షించి కరోనా ఎంతమందికి సోకిందో అంచనా కట్టారు. ఊరిలోని జబ్బుల జాడ మురుగులోకి చేరుతుందని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కరలేదు.

పరీక్ష సులభం. ఏడాదికి రెండుసార్లు, ముందుగా చెప్పి, ఒక్కో టవరుకు ఫ్లష్ నీటి వాల్వు కట్టేయండి. గంట తర్వాత ఫ్లష్‌లు తప్ప ఇంకేవైనా కుళాయిలు ఎండిపోయాయేమో ఇల్లిల్లూ అడగండి. ఎండిన కుళాయి ఉంటే ఆ ఇంట్లో గొట్టాలు కలిశాయి. ఫ్లష్ గొట్టానికి వేరే రంగు వేయించండి, తోటలోని కుళాయిలకు పిల్లలు తిప్పలేని పిడి పెట్టించండి.

ఫ్లష్‌లకు తలకు 45 లీటర్లు చొప్పున 108 కేఎల్ పోతే ఇంకా 150 కేఎల్ మిగులుతుంది. తోట, కారు కడగడం, దగ్గర్లోని కట్టడాల పనులు, ఆపైన అనుమతి ఉన్న మురుగు లైను. ఎండాకాలంలో తోటకు తాగునీటి ట్యాంకరు తెప్పించే సముదాయాలు ముందు ఈ 150 కేఎల్ ఎక్కడికి పోతోందో చూసుకోవాలి.

10. ఆగిపోయిన కేంద్రాన్ని మళ్లీ బతికించడం

మీకు అందిన ఎస్‌టీపీ అప్పటికే చచ్చిపోయి ఉండవచ్చు. ట్యాంకులో నల్లటి నీరు, జాడీ పెడితే ఏమీ తేరదు. కొందరు ఆవుపేడ కలిపి పోస్తారు. పేడ తిండిగా పనికొస్తుంది కానీ, మనకు కావలసిన మందను అది త్వరగా ఇవ్వదు. బాగా నడుస్తున్న మరో ఎస్‌టీపీ నుంచి ఒక ట్యాంకరు, అంటే పది వేల లీటర్ల బురద అడిగి తెచ్చుకోండి. దానిలో 80 నుంచి 100 కిలోల బతికున్న ముద్ద ఉంటుంది. ముందు డిఫ్యూజర్లు సరిచేసి, పాత నల్లటి బురదను యంత్రంతో తీయించి, ఆ తర్వాతే పోయాలి.

మొదటి వారం మూడో వంతు మురుగే పంపండి. తెల్లటి నురుగు గట్టు దాకా లేస్తుంది, భయపడకండి, నీరు చల్లితే అణిగిపోతుంది. రెండో వారం సగం, నాలుగో వారానికి మొత్తం. ఈ రోజులన్నీ ఆ నీటిని ఫ్లష్‌లకు పంపకూడదు, అనుమతి తీసుకుని మురుగు లైనులోకో ట్యాంకర్లకో ఇవ్వాలి. బురద ఒక్క లీటరు కూడా తీయకూడదు. జాడీలో మొదట అడుగున ముప్పై నలభై మిల్లీలీటర్ల పలుచటి పొర కనిపిస్తుంది, వారం వారం గీతలు ఎక్కుతుంది. మన వాతావరణంలో ఆరు వారాలకు అటూఇటూగా 250 చేరుతుంది, ట్యాంకు మీద వంగితే తడిమట్టి వాసన వస్తుంది. ఆ పొద్దునే ఫిల్టర్ ప్రెస్‌కు గుడ్డలు కట్టించండి. మొదటి ముప్పై కిలోలు ఆ సాయంత్రానికి బయటికి పోవాలి.